'ఔను' అనే విద్య ఎవరికి?
ఆశునటన వర్క్‌షాపులు - కులం

నాటకం నేర్పే పద్ధతుల్లో ఇవాళ ఎక్కువగా వినబడే మాట ఇంప్రొవైజేషన్. రాసిపెట్టిన స్క్రిప్టు లేకుండా, ఎదుటి నటుడు అన్న మాటను అందుకొని అప్పటికప్పుడు సన్నివేశం అల్లుకుంటూ పోవడం. మనం ఆశునటన అనుకోవచ్చు. వాడల్లో అయితే 'కైగట్టి ఆడుడు' అంటే సరిపోతుంది. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు, ఒంటితో చేసి నేర్చుకోవాలి అంటారు. అందుకని వర్క్‌షాపులు. నగరాల్లో రెండు రోజులవి, వారం రోజులవి ఫీజు పెట్టి నడుపుతున్నారు. నాటకం విద్యార్థులతో పాటు టీచర్లు, కంపెనీ ఉద్యోగులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు కూడా పోతున్నారు. భయం పోతుంది, నోరు తిరుగుతుంది, పదిమందితో కలిసి పనిచేయడం వస్తుంది అని నిర్వాహకులు చెప్తారు. ఇదంతా వట్టిదే అని కొట్టిపారేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. భయం పోవడం, నోరు తిరగడం మన పిల్లలకి కావలసినవే. అందరికన్నా ఎక్కువ కావలసింది వాళ్లకే.

అయితే ఈ వర్క్‌షాపుల్లో కొన్ని నియమాలుంటాయి. ఆ నియమాల వెనక ఒక మనిషిని ఊహించుకొని ఉంటారు. ఆ మనిషి ఎవరు? అతనికి కులముందా? ఉంటే ఏ కులం? ఈ ప్రశ్న వేసుకోకుండా దళిత వాడల్లో, హాస్టళ్లలో ఈ ఆటల్ని తెచ్చి ఆడిస్తే ఏం జరుగుతుంది? దీన్ని చర్చించడానికి ఆశునటన శిక్షణకు పునాది వేసిన ముగ్గురి పద్ధతుల్ని తీసుకుంటున్నాను. అమెరికాలో వయోలా స్పోలిన్, ఇంగ్లండులో మొదలై కెనడాకు పోయిన కీత్ జాన్‌స్టన్, బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోల్. వీళ్ల పక్కన మన చిందు భాగవతాన్ని నిలబెట్టి చూడాలి. పక్కన అంటున్నాను, కింద కాదు.

ఆటలు ఎక్కడ పుట్టాయి?

స్పోలిన్ ఆటలు షికాగో నగరంలో పుట్టాయి. బయటి దేశాల నుంచి వలస వచ్చిన కూలి జనం కోసం అక్కడ హల్ హౌస్ అనే సేవాకేంద్రం నడిచేది. నీవా బాయిడ్ అనే ఆమె ఆటల ద్వారా పిల్లలకు, పెద్దలకు సామూహిక జీవనం నేర్పేది. ఆమె దగ్గర 1920ల్లో శిక్షణ పొందిన స్పోలిన్, 1930ల చివర్లో ఆర్థిక మాంద్యం కాలపు ప్రభుత్వ ఉపాధి పథకం కింద పేద పిల్లలతో నాటకం పని చేసింది. ఒక్కొక్కరిది ఒక్కో భాష, ఒక్కో అలవాటు. ఉపన్యాసం ఇస్తే ఎక్కదు. 'ఇట్లా నటించు' అని చేసి చూపిస్తే దాన్నే కాపీ కొడతారు. అందుకని ఆమె ప్రతి నటనా సమస్యనీ ఒక ఆటగా మార్చింది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరికొకరు అద్దం కావడం, లేని తాడును పట్టుకొని రెండు జట్లు గుంజుకోవడం, అర్థం లేని ధ్వనులతోనే ఎదుటివానికి విషయం తెలిసేటట్టు మాట్లాడటం. ఈ ఆటలన్నిటినీ కూర్చి 1963లో పుస్తకం వేసింది. ఆశునటనకు ఇప్పటికీ అదే పెద్దబాలశిక్ష.

అంటే ఈ విద్య మూలం పేదల వాడలోనే ఉంది. కానీ దాని ప్రయాణం చూడండి. స్పోలిన్ కొడుకు పాల్ సిల్స్ 1955లో కంపాస్ ప్లేయర్స్‌ను, 1959లో మరికొందరితో కలిసి సెకండ్ సిటీని మొదలుపెట్టాడు. చదువుకున్న మధ్యతరగతి వాళ్లు సాయంత్రం పూట వచ్చి నవ్వుకునే హాస్యశాలగా అది పేరు తెచ్చుకుంది. అక్కణ్ణుంచి టీవీ హాస్యానికి, ఆ తర్వాత కంపెనీల శిక్షణా తరగతులకి ఆ ఆటలు పాకాయి. భాష రాని కూలివాళ్ల పిల్లల కోసం కట్టిన ఆట, చివరికి మేనేజర్లకు 'టీమ్ స్పిరిట్' నేర్పే సరుకైంది. పేదల దగ్గర పుట్టిన విద్య పేదలకే తిరిగి ఫీజుకు దొరకడం మనకు కొత్త సంగతి కాదు.

స్పోలిన్ పుస్తకంలో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. నేర్చుకునేవాని ఒంటిని బిగుసుకుపోయేట్టు చేసేది మెప్పు, తప్పుల భయం అంటుంది ఆమె. ఎవరో మెచ్చుకోవాలి, ఎవరో తప్పు పట్టకూడదు అని బతికేవాడు స్వేచ్ఛగా ఆడలేడు. మన క్లాసురూముల్ని తలుచుకుంటే ఇది ఎంత నిజమో తెలుస్తుంది. దళిత పిల్లవాడు నోరు తెరిస్తే ముందు వాని యాస మీద నవ్వు. 'ళ' పలకలేదని నవ్వు, 'ష' పలకలేదని నవ్వు. పద్య నాటకం రోజుల నుంచీ తెలుగు రంగస్థలం మీద శుద్ధమైన ఉచ్చారణ ఒక కాపలా మనిషి లాగా నిలబడి ఉంది. అర్థం లేని ధ్వనులతో మాట్లాడే ఆట అటువంటి పిల్లవాణ్ణి ఆ కాపలా దాటిస్తుంది. అక్కడ అందరి భాషా ఒకటే, ఎవరి యాసా తక్కువ కాదు. ఈ ఒక్క ఆట కోసమైనా స్పోలిన్‌ను మనం చదవాలి.

కానీ ఆమె చెప్పే మెప్పు, తప్పు అనేవి ఆమెకు తల్లిదండ్రుల దగ్గర్నుంచీ, టీచరు దగ్గర్నుంచీ వచ్చేవి. మన దగ్గర అవి పుట్టకముందే రాసిపెట్టి ఉంటాయి. ఎంత బాగా ఆడినా మెప్పు దొరకని వాళ్లున్నారు. ఏమీ ఆడకపోయినా మెప్పు పొందేవాళ్లున్నారు. టీచరు నోరు మూసుకున్నంత మాత్రాన ఇది పోదు.

'ఔను' అను, ఎదురు చెప్పకు

జాన్‌స్టన్ దగ్గరికి వద్దాం. ఆయన లండన్‌లో కార్మికులుండే పేటలో బడిపంతులుగా పనిచేసి రాయల్ కోర్ట్ థియేటర్‌కు వచ్చినవాడు. 1979లో ఆయన రాసిన 'ఇంప్రో' వచ్చింది. 2023లో చనిపోయాడు. బడి చదువు పిల్లల ఊహను ఎట్లా చంపుతుందో ఆయన కోపంగా రాస్తాడు. ఆ కోపం నిజాయితీ కలది.

ఆశునటన వర్క్‌షాపులన్నిట్లోనూ వినబడే మొదటి నియమం: ఎదుటివాడు ఏది ప్రతిపాదిస్తే దాన్ని ఒప్పుకో. 'ఔను' అను, దానికి ఇంకొకటి కలుపు. ఎదుటివాడు 'డాక్టరుగారూ, నా కాలు చూడండి' అంటే నువ్వు డాక్టరువే. 'నేను డాక్టర్ని కాదు' అంటే సన్నివేశం అక్కడే చచ్చిపోతుంది. జాన్‌స్టన్ దీన్ని అడ్డుకోవడం అంటాడు. అడ్డుకునేవాడు భయస్తుడు, ఒప్పుకునేవాడు సాహసి అని ఆయన ఆలోచన. రెండో నియమం: తెలివిగా ఏదో చెప్పాలని చూడకు, మొట్టమొదట ఏది తోస్తే అది అను.

ఈ రెండు నియమాలూ మన ఊర్లోకి తెచ్చి చూడండి.

'ఔను' అనడం మన వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. 'నీ బాంచెన్ దొరా, నీ కాల్మొక్త' అనే మాట తరతరాల వర్క్‌షాపులో నేర్పిన మాటే. దొర ఏది ప్రతిపాదిస్తే దాన్ని ఒప్పుకొని, దానికి ఇంకింత వంగుబాటు కలిపి బతికిన జనం మనది. వెట్టి అంటే ఏమిటి? ఎదుటివాడు రాసిన సన్నివేశంలో, ఎదుటివాడు ఇచ్చిన పాత్రలో, అడ్డు చెప్పకుండా ఆడటం. వాళ్లకు 'కాదు' అనడమే సాహసం. జాన్‌స్టన్ లెక్క ఇక్కడ తలకిందులవుతుంది. అడ్డుకున్నవాడు భయస్తుడు కాదు.

1985 జూలై 16న కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీటిని భూస్వాముల పిల్లలు ఖరాబు చేస్తుంటే మున్నంగి సువార్త కాదన్నది. కొట్టబోతే బిందె ఎత్తింది. మరునాడు, జూలై 17న, ఆరుగురు మాదిగల్ని చంపేశారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి. ఆ ఒక్క 'కాదు' తర్వాత ఈ రాష్ట్రంలో దళిత ఉద్యమం దారి మారిపోయింది. ఆమె మాటకు స్క్రిప్టు లేదు. రిహార్సల్ లేదు. అయినా తెలుగు నేల మీద దళితులు చేసిన ఆశువుగా మాట్లాడే పనుల్లో దానికన్నా పెద్దది ఏది? దీన్ని లెక్కలోకి తీసుకోలేని ఆశునటన సిద్ధాంతం మనకు సగమే సిద్ధాంతం.

ఇక రెండో నియమం. మొట్టమొదట ఏది తోస్తే అది అనాలట. మనసు అడుగున ఉన్నది స్వచ్ఛమైన ఊహ అనీ, పైనున్న భయం దాన్ని తొక్కిపెట్టిందనీ ఈ నియమం నమ్ముతుంది. కులసమాజంలో మనసు అడుగున ఏముంటుంది? కులముంటుంది. 'పనిమనిషి' అనంగానే ఏ పేరు తోస్తుంది? 'దొంగ' అనంగానే ఏ రంగు, ఏ యాస తోస్తుంది? 'తాగుబోతు' పాత్ర ఇస్తే నటుడు ఏ భాషలోకి జారిపోతాడు? తెలుగు సినిమా హాస్యం చూసినవాళ్లకి జవాబు తెలుసు. తొలుత తోచిన దానికి జనం నవ్వుతారు, ఎందుకంటే వాళ్లకూ అదే తోచింది. ఇట్లా ఆశునటన పేరు మీద పాత అవమానాలే కొత్తగా పుట్టినట్టు కనబడతాయి. ఎవరూ రాయలేదు గనక ఎవరిదీ బాధ్యత కాదు. అన్నవాడు 'నేను కావాలని అనలేదు, నోట్లోంచి వచ్చింది' అంటాడు. నోట్లోంచి ఎందుకు వచ్చింది అన్నదే కదా అసలు ప్రశ్న.

జాన్‌స్టన్ పుస్తకంలో హోదా మీద రాసిన అధ్యాయం మాత్రం మనం జాగ్రత్తగా చదవాల్సింది. మనుషులు మాట్లాడుకునేటప్పుడు ప్రతి క్షణం ఒకరు పైకి పోవడం, ఇంకొకరు కిందికి దిగడం జరుగుతుందని ఆయన గమనించాడు. తల కదపకుండా మాట్లాడేవాడు పైన ఉంటాడు, ముఖం ముట్టుకుంటూ నసిగేవాడు కింద ఉంటాడు. చూపు, నడక, కూర్చునే తీరు, గదిలో ఎంత జాగా ఆక్రమిస్తాడు అన్నది, అన్నీ హోదాను చెప్తాయి. పుట్టుకతో వచ్చిన హోదా వేరు, ఆడే హోదా వేరు అంటాడు. బిచ్చగాడు కూడా రాణి ముందు పై హోదా ఆడవచ్చు. యజమాని, నౌకరు సన్నివేశాలను ఆయన ప్రత్యేకంగా ఆడించేవాడు.

కులం ఒంట్లో ఎట్లా కూర్చుంటుందో చూపడానికి ఇంత పదునైన పనిముట్టు దొరకదు. గడప బయట నిలబడే తీరు, తువ్వాల భుజం మీది నుంచి చంకలోకి జారే తీరు, చెప్పులు చేతిలోకి వచ్చే తీరు, దోసిలి పట్టే తీరు. ఇవి పుస్తకాల్లో చదివి వదిలేసిన సంగతులు కావు, కండరాల్లో మిగిలిన జ్ఞాపకాలు. హోదా ఆటలో వీటిని బయటికి తీసి చూసుకోవచ్చు.

అయితే జాన్‌స్టన్‌కు హోదా ఒక ఊయలబల్ల. నువ్వు దిగితే నేను లేస్తా, నేను దిగితే నువ్వు లేస్తావు. అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన' రాస్తూ కులం శ్రమ విభజనే కాదు, శ్రామికుల విభజన కూడా అన్నాడు. మెట్లు మెట్లుగా కట్టిన అసమానత అన్నది ఆయన మనకిచ్చిన ఎరుక. మెట్లు ఊయలబల్ల కాదు. వర్క్‌షాపులో అరగంట సేపు పై మెట్టు ఆడిన పిల్లవాడు గది బయటికి రాగానే తన మెట్టు మీదికే వస్తాడు. అరగంట సేపు కింది మెట్టు ఆడిన అగ్రకుల పిల్లవాడు 'దళితుల బాధ అనుభవించాను' అనుకొని ఇంటికి పోతాడు. ఒకనికి ఆట, ఇంకొకనికి గాయం. ఈ తేడాను నిర్వాహకుడు ముందే గుర్తించకపోతే ఆ వర్క్‌షాపు మన పిల్లలకు ఇంకొక అవమానం మాత్రమే.

మన ఆశువు, వాళ్ల ఆశువు

తెలుగువాళ్లకు ఆశువు కొత్త కాదు అని ఎవరైనా అంటే వెంటనే అవధానం గుర్తు చేస్తారు. ఎనిమిది మంది పృచ్ఛకులు, సమస్యాపూరణం, నిషిద్ధాక్షరి, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసి ఏకాగ్రత చెడగొట్టేవాడు. అప్పటికప్పుడు పద్యం చెప్పాలి. తిరుపతి వేంకట కవుల కాలం నుంచీ దానికి సభలు, సన్మానాలు, శాలువాలు. మంచిదే. కష్టమైన విద్యే.

మరి రాత్రంతా దీపం వెలుగులో, ముందు కూర్చున్న జనాన్ని బట్టి మాట పెంచుతూ తగ్గిస్తూ, ఆ ఊరి సంగతుల్ని కథలోకి లాగుతూ, తాళం తప్పకుండా ఆడే చిందు కళాకారులది ఏ విద్య? దానికి ఆశువు అన్న పేరు రాలేదు. 'పామర హాస్యం' అని పేరొచ్చింది. ఒకే శక్తి. పద్యంలో ఉంటే ప్రతిభ, చిందులో ఉంటే మోటు.

చిందోళ్లు మాదిగలకు ఆశ్రిత కులం. తెలంగాణలో మాదిగ వాడలే వాళ్ల హక్కు గ్రామాలు. ఎల్లమ్మ వేషం కట్టడం, యక్షగానాలు ఆడటం, జాంబపురాణం చెప్పడం వాళ్ల పని. ఆడవాళ్లు కూడా వేషం కట్టే సంప్రదాయం అది. నిజామాబాదు జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ పేరు ఎరగనివాళ్లు తెలంగాణలో తక్కువ. 2005లో ఆమె పోయింది. జనగామ ప్రాంతపు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది.

చిందు పిల్లలకు వర్క్‌షాపు లేదు. వాళ్ల ఇల్లే వర్క్‌షాపు. నడక వచ్చీరాకముందే ముఖానికి అర్దళం పూసి చిన్న వేషంలో నిలబెడతారు. పెద్దలు ఆడుతుంటే పక్కన కూర్చొని తాళం వేస్తూ కథంతా ఒంటికి ఎక్కించుకుంటారు. తర్వాత ఒకరోజు ఎవరికో జ్వరం వస్తుంది. 'నువ్వు కట్టు' అంటారు. కడతారు. మాట మరిచిపోతే హార్మోనియం దగ్గరున్నాయన అందిస్తాడు, లేకుంటే హాస్యగాడు వచ్చి కాపాడుతాడు. స్పోలిన్ చెప్పే సామూహిక బాధ్యత, చేసి నేర్చుకోవడం, తోటి నటుణ్ణి పడిపోనియ్యకపోవడం అన్నీ ఇక్కడున్నాయి. పుస్తకమొక్కటే లేదు.

జాంబపురాణాన్ని ఈ దృష్టితో చూడాలి. చిందోళ్లు ఆడే రూపంలో అది ఒక సంవాదం. ఒకవైపు జాంబవుడు, ఇంకొకవైపు బ్రాహ్మడు. బ్రాహ్మడు దూరం జరగమంటాడు, అంటు అంటాడు. జాంబవుడు జరగడు. భూమి పుట్టకముందు ఆర్నెల్లకే పుట్టినవాణ్ణి నేను, నువ్వెవరివి అని అడుగుతాడు. ప్రశ్నకు ప్రశ్న, పురాణానికి పురాణం. బ్రాహ్మడు ఇచ్చిన పాత్రను జాంబవుడు ఒప్పుకోడు. జాన్‌స్టన్ నియమం ప్రకారం ఇది అడ్డుకోవడమే, సన్నివేశం చచ్చిపోవాలి. చావదు. అక్కణ్ణుంచే ఆట మొదలవుతుంది. రాత్రంతా నడుస్తుంది. 'కాదు' మీద కూడా రసవత్తరమైన నాటకం కట్టవచ్చని, 'కాదు' అని దానికి ఇంకొకటి కలపవచ్చని చిందోళ్లు ఏనాడో చూపించారు.

ఇంకొక సంగతి. ఆ బ్రాహ్మడి వేషం కట్టేది కూడా చిందు కళాకారుడే. కింద ఉన్నవాడు పైనున్నవాణ్ణి అనుక్షణం గమనించకపోతే బతకలేడు. దొర దగ్గు ఎట్లా ఉంటే ఏ మూడులో ఉన్నడో పాలేరుకు ఎరుక. పాలేరు దగ్గు దొరకు ఎరుక లేదు. అందుకే చిందు నటుడు బ్రాహ్మణ్ణి ఆడగలడు. అగ్రకుల నటుడు మాదిగ పాత్ర కడితే మాత్రం అది ఒట్టి యాస, చినిగిన పంచె అయిపోతుంది. గమనింపు అనే నటనా విద్యలో మన వాళ్లు గురువులు. కానీ గురువు స్థానం ఎవరికుంది? విశ్వవిద్యాలయాల వర్క్‌షాపులకు చిందోళ్లని 'ప్రదర్శన' ఇవ్వడానికి పిలుస్తారు. 'పాఠం' చెప్పడానికి ఎందరు పిలుస్తున్నారు? ఆడిపోయిన తర్వాత దాన్ని విశ్లేషించేది వేరేవాళ్లు, దాని మీద డిగ్రీలు తెచ్చుకునేది వేరేవాళ్లు.

ఇట్లా అంటున్నానని చిందు బతుకును బంగారం చేసి చూపడం లేదు. హక్కు అన్న పేరు మీద అది అడుక్కోవడమే అయిన రోజులున్నాయి. మాదిగలు కూడా చిందోళ్లను తమకన్నా కింది మెట్టు మీద నిలబెట్టారు. ఈ సంగతి మనలో మనం మాట్లాడుకోకుండా బయటివాళ్లని అడిగే నైతిక హక్కు మనకు రాదు. ఆడవాళ్ల కళ జోగిని ఆచారంతో ముడిపడి ఉండేది. 1988లో రాష్ట్రం చట్టం చేసి నిషేధించిన ఆచారం అది. డక్కలి కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లు దాటేసరికే ఆయన కూలిపని చేస్తున్న సంగతి పత్రికల్లో చూశాం. బిరుదు ఇచ్చినవాళ్లు బతుకుదెరువు ఇవ్వలేదు. కళను కాపాడాలి అనేవాళ్లు కళాకారుని పిల్లల చదువు గురించి ముందు మాట్లాడాలి. ఆ పిల్లలు వేషం కట్టకూడదనుకుంటే ఆ 'కాదు'నూ గౌరవించాలి.

బోల్: ఒక స్త్రీ లేచి రంగమెక్కింది

అగస్టో బోల్ మనకు దగ్గరగా వచ్చిన మనిషి. సైనిక ప్రభుత్వం 1971లో పట్టుకొని హింసించింది. దేశం వదిలిపోయాడు. 1973లో పెరూ దేశపు అక్షరాస్యతా కార్యక్రమంలో నాటకం పని చేశాడు. 1974లో 'పీడితుల నాటకరంగం' పుస్తకం వచ్చింది. 2009లో చనిపోయాడు.

బోల్ స్వయంగా చెప్పుకున్న రెండు సంఘటనలున్నాయి. మొదటిది బ్రెజిల్‌లో. ఆయన బృందం రైతుల ముందు భూమి కోసం రక్తం చిందించాలని పాడింది. అయిపోయాక విర్జీలియో అనే రైతు వచ్చి, మీ తుపాకులు తీసుకొని రండి, భూస్వామి మీదికి పోదాం అన్నాడు. అవి అట్ట తుపాకులని వీళ్లు చెప్పుకోవాల్సి వచ్చింది. సరే, మా దగ్గర అసలువి ఉన్నాయి, మీరు రండి అన్నాడు ఆయన. వీళ్లు పోలేదు. తాము తీసుకోని ప్రమాదాన్ని ఇంకొకర్ని తీసుకోమని చెప్పకూడదని బోల్‌కు అప్పుడు అర్థమైంది. రెండోది పెరూలో. ఒక స్త్రీ సమస్యకు పరిష్కారం ఏమిటని ప్రేక్షకుల్ని అడిగి, వాళ్లు చెప్పినట్టు నటులు ఆశువుగా ఆడుతున్నారు. ఒక స్త్రీ ఇది కాదు, ఇట్లా కాదు అంటూనే ఉంది. ఎన్నిసార్లు ఆడినా ఆమెకు నచ్చలేదు. చివరికి, నువ్వే వచ్చి చూపించమ్మా అన్నారు. ఆమె లేచి రంగమెక్కి ఆడి చూపింది. ఫోరమ్ థియేటర్ అట్లా పుట్టింది. అంటే దాని పుట్టుకలోనే ఒక 'కాదు' ఉంది.

ఫోరమ్ పద్ధతి తెలిసిందే. పీడన సన్నివేశం ఒకసారి ఆడతారు. రెండోసారి ఆడుతుండగా ప్రేక్షకుల్లోంచి ఎవరైనా 'ఆగండి' అని లేచి, పీడితుని పాత్రలోకి వచ్చి, తనైతే ఏం చేస్తాడో ఆడి చూపిస్తాడు. నడిపించేవాణ్ణి బోల్ జోకర్ అన్నాడు. పరిష్కారం నమ్మేటట్టు లేకుంటే ప్రేక్షకులు 'మాయ' అని అరవవచ్చు. మనదేశంలో పశ్చిమ బెంగాల్‌లో జనసంస్కృతి సంస్థ ఈ పద్ధతిలో చాలా ఏళ్లుగా పనిచేస్తోంది.

రెండు గ్లాసుల హోటలు సన్నివేశం అనుకుందాం. దళిత యువకునికి విడిగా పెట్టిన గ్లాసులో చాయ్ పోస్తారు. ఒక కాలేజి విద్యార్థి లేచి వచ్చి గ్లాసు నేలకేసి కొట్టి ఉపన్యాసం ఇస్తాడు. చప్పట్లు. ఆ ఊరి కూలిమనిషి చప్పట్లు కొట్టడు. హోటలాయన అన్న పొలంలోనే తను రేపు నాటు వెయ్యాలె. గ్లాసు పగిలినంక కూలి ఎవరిస్తరు, బోరు నీళ్లు ఎవరిస్తరు? అతనికి అది 'మాయ'. కానీ ఆ మాట అరిచే ధైర్యం ఆ సభలో అతనికుందా? జోకర్ ఏ కులం? వచ్చిన సంస్థ రాత్రి ఎవరింట్లో భోంచేసింది? ఫోరమ్ నడిపేవాళ్లు ఈ ప్రశ్నలు వేసుకోకుంటే ప్రమాదమంతా వాడ మీద పడుతుంది, ఫోటో మాత్రం సంస్థ రిపోర్టులో పడుతుంది. విర్జీలియో అడిగిన ప్రశ్న ఇప్పటికీ నిలబడే ఉంది: మీరు వస్తారా?

బోల్‌కు పీడితుడు, పీడకుడు స్పష్టంగా ఇద్దరు. మెట్ల కులంలో నడిమి మెట్టు వాడు ఒకే రోజు పొద్దున పీడితుడు, సాయంత్రం పీడకుడు. అదే హోటలు ముందు మాదిగ యువకుడు పీడితుడు, ఇంట్లో పెండ్లాం ముందు, వాకిట్లో చిందాయన ముందు అతనెవరు? దీన్ని ఆడించలేని ఫోరమ్ మనకు సగం అద్దమే చూపిస్తుంది.

అయినా ఈ పద్ధతిలో నిప్పుందని మన నేల మీదే చూశాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం కళాజాతాలతో ఊరూరా తిరిగింది. జాతా కళాకారులకు ఇచ్చింది చదువు గురించిన స్క్రిప్టు. చూసిన ఆడవాళ్లు ఆ స్క్రిప్టు దాటిపోయారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాను ఊర్లోకి రానివ్వలేదు. అది రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించక తప్పలేదు. పెరూలో ఒక స్త్రీ రంగమెక్కింది. ఇక్కడ ఊర్లకు ఊర్లే రంగమెక్కాయి. ముందు నిలబడిన వాళ్లలో దళిత, బహుజన స్త్రీలే ఎక్కువ. దీన్ని నాటక చరిత్రలో భాగంగా రాయడం ఇంకా జరగాల్సి ఉంది.

మనకు కావలసిన వర్క్‌షాపు

అయితే ఏం చేద్దాం? ఈ ఆటలు మనవి కావని తోసెయ్యాలా? తోసేస్తే నష్టం మనకే. మహారాష్ట్రలో మన వాళ్లు చేసిన పని చూడాలి. తమాషా ఆడింది ఎక్కువగా మహర్, మాంగ్ కులాలవాళ్లే. దానిలో వగ్ అనే భాగం చాలావరకు ఆశువుగా నడిచే సంభాషణ. ఫూలే అనుచరుల సత్యశోధక జల్సాలు, 1930ల నాటి అంబేద్కరీ జల్సాలు ఈ రూపాన్నే తీసుకున్నాయి. భీమ్‌రావ్ కర్డక్ లాంటివాళ్లు ఊరూరా తిరిగారు. దేవుని స్తుతి పోయింది, లావణి శృంగారం పోయింది, ప్రశ్న-జవాబు మిగిలింది. మాంగ్ కులస్థుడు అణ్ణాభావు సాఠే 1940ల్లో దాన్ని శ్రామికుల వాడల్లోకి తీసుకుపోయాడు. రూపాన్ని ఉంచి, దానిలోని వెట్టిని తీసేశారు. మన దగ్గర డప్పుకు అదే జరిగింది. చావుకు కొట్టే వెట్టి డప్పు 1994 తర్వాత దండోరా డప్పు అయింది.

1998లో పశ్చిమ బెంగాల్‌లో బుధన్ సబర్ అనే ఆదివాసి పోలీసు కస్టడీలో చనిపోయాడు. అదే ఏడాది అహ్మదాబాదులోని ఛారానగర్‌లో, పుట్టుదొంగలని తెల్లవాళ్లు ముద్రవేసిన ఛారాల పిల్లలు ఆ కథనే నాటకం కట్టి బుధన్ థియేటర్ మొదలుపెట్టారు. పోలీసుల ముందు నటించక తప్పని బతుకు తమ పెద్దలదని వాళ్లు దాచుకోలేదు. అవమానంగా ఇచ్చిన శక్తినే ఆయుధంగా తిప్పారు.

ఈ అనుభవాల నుంచి హాస్టళ్లలో, వాడల్లో పెట్టుకోవాల్సిన వర్క్‌షాపుకి కొన్ని సూత్రాలు కనబడుతున్నాయి.

మొదట ముట్టుకునే ఆటల గురించి. చేతులు పట్టుకోవడం, కళ్లు మూసుకొని వెనక్కి పడితే పదిమంది పట్టుకోవడం వర్క్‌షాపుల్లో మామూలు. అంటరానితనం ఉన్న దేశంలో ఇవి మామూలు ఆటలు కావు. ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవడానికి జంకారో చూసి, ఆట ఆపి, దాని మీద మాట్లాడాలి. మాట్లాడకుండా ఆట అయిపోగొడితే ముట్టుడు అక్కడికే ఉంటది.

రెండోది, 'ఔను' ఆటతో పాటు 'కాదు' ఆట. మొదటి రోజు నుంచే పిల్లలు తమకిచ్చిన పాత్రను కాదనే హక్కుతో రావాలి. 'నేను పనిమనిషి వేషం కట్ట' అని ఒక అమ్మాయి అంటే అది క్రమశిక్షణ తప్పడం కాదు, ఆ రోజు వర్క్‌షాపుకు అదే పాఠం. జాంబపురాణం మాదిరిగా, 'కాదు' తర్వాత ఏం చెప్తావో చెప్పు అని అడగాలి. 'కాదు, నేను...' అని మొదలయ్యే వాక్యాలతో సన్నివేశాలు కట్టాలి.

మూడోది, తోచిన మాటను అనుమానించే ఆట. మొట్టమొదట తోచింది అననీ. అన్న తర్వాత, ఇది ఎక్కడ విన్నావ్, ఎవరి నోట విన్నావ్ అని వెనక్కి పోవాలి. అదే సన్నివేశం రెండో మాటతో, మూడో మాటతో ఆడాలి.

నాలుగోది, పై మెట్టును ఆడటం. బాధితుల వేషాలే మనకెందుకు? కరణం, పటేలు, హెడ్‌మాస్టరు, ఎస్‌ఐ, ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నాయన, అందర్నీ మన పిల్లలు ఆడాలి. వాళ్ల కుర్చీ, వాళ్ల చూపు, వాళ్ల మౌనం ఎట్లా పనిచేస్తుందో ఒంటితో తెలిస్తే, రేపు నిజంగా ఆ గదిలోకి పోయినప్పుడు కాలు వణకదు. ఇంటర్వ్యూలో ఇంటిపేరు అడిగి ఊరుకోని ప్రశ్నలకు జవాబు చెప్పడం కూడా ఆశునటనే. దానికి రిహార్సల్ మన పిల్లలకు ఎవరూ పెట్టరు.

అయిదోది, చిందాయన, చిందమ్మ, డక్కలి కళాకారుడు ఆ గదిలో గురువులుగా కూర్చోవాలి. బయటి నుంచి వచ్చే డైరెక్టరుకు ఇచ్చేంత గౌరవభృతి వాళ్లకూ ఇవ్వాలి. మాదిగ పిల్లలు వాళ్ల ముందు కింద కూర్చొని నేర్చుకోవాలి. మన మధ్యనున్న మెట్టు పగలడం కూడా అక్కడే మొదలవ్వాలి.

వర్క్‌షాపు నాలుగు గోడల మధ్య ఎవరి కులమూ పోదు. పోతుందని చెప్పే నిర్వాహకుణ్ణి నమ్మనవసరం లేదు. అయితే కులం మన ఒంట్లో ఎక్కడ దాక్కుందో పట్టుకోవడానికి, మాట రాని చోట మాట తెచ్చుకోవడానికి, ఊరు ఇచ్చిన వేషం విప్పి కిందపెట్టి మనకు నచ్చింది కట్టుకొని చూడటానికి ఆ నాలుగు గోడలు ఒక జాగా. జాగా లేని జనానికి జాగా విలువ తెలుసు. దాన్ని ఎవరి షరతుల మీద తీసుకుంటామన్నదే మనం తేల్చుకోవాల్సింది. ఎవరో ఇచ్చిన సన్నివేశానికి 'ఔను' అని తల ఊపుతూ తీసుకుందామా, జాంబవుడి లాగా కదలకుండా నిలబడి, నువ్వెవరివి అని అడిగి తీసుకుందామా?